నీటితో దీపము వెలిగించిన సౌధము

ప్రొద్దు క్రుంకగానే మనము ఇంటిలో ఒక మీట నొక్కుదుము; దీపము వెలుగును. మరియొక మీట త్రిప్పుదుము; రేడియో పలుకును. ఈ పనులు మనకు ఎంతగా అలవాటైనవనగా, ఆ శక్తి ఏ కొండ నుండి దిగిన నీటివలన పుట్టినదో, అది ఏ చక్రమును త్రిప్పి మన గుమ్మము వరకు వచ్చినదో తలపోయువారు అరుదు. మాచ్‌ఖండ్ జలపాతము నుండియు, శ్రీశైలము నుండియు విద్యుత్తును పొందుచున్న తెలుగువారికి ఈ విషయమున కొంత కుతూహలము సహజము. నీటి బలముచే పుట్టిన విద్యుత్తుతో ప్రపంచమున మొట్టమొదట దీపములు వెలిగించుకొన్న ఇల్లు ఇంగ్లండు దేశమున, ఉత్తరపు సరిహద్దుననున్న నార్తంబర్లండు సీమలో కలదు. రాత్‌బరీ అను చిన్న ఊరి చెంతనున్న ఆ సౌధము పేరు క్రాగ్‌సైడ్.

దానిని కట్టించినవాడు విలియం జార్జి ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన రాజవంశీయుడు కాడు, జమీందారు కాడు, ధాన్యవర్తకుని కుమారుడు. చదివినది న్యాయశాస్త్రము, చేపట్టినది యంత్రనిర్మాణము, గడించినది అపారమైన ధనము. ఆ ధనములో కొంత నీటితో బరువులెత్తు యంత్రములవలన వచ్చినది. కొంత ఫిరంగులవలనను యుద్ధనౌకలవలనను వచ్చినది. కావున ఈ సౌధము చరిత్రను చెప్పువారికి ఒక చిక్కు కలదు. దీపమును మాత్రమే చెప్పిన అది స్తోత్రమగును. ఫిరంగిని మాత్రమే చెప్పిన అది నింద యగును. రెంటిలో దేనిని కప్పిపుచ్చక శ్రోతల ముందుంచవలెనని మేము తలచితిమి.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1810 నవంబరు 26వ తేదీన న్యూకాసిల్ పట్టణమున జన్మించెను. టైన్ నది ఒడ్డుననున్న ఆ పట్టణము బొగ్గు వ్యాపారమునకు పెట్టినది పేరు. తండ్రి నదీతీరమున ధాన్యపు వర్తకము చేయుచు, పిమ్మట 1850లో ఆ పట్టణమునకు మేయరు కూడ అయ్యెను. బిడ్డ మాత్రము పుట్టుక నుండియు నలతగా ఉండెడివాడు. పట్టణపు పొగ పడక, తలిదండ్రులు అతనిని గాలి మార్పునకై రాత్‌బరీకి కొనిపోవుచుండిరి. అచట కోకెట్ అను నది కలదు. ఆ నది ఒడ్డున గాలము పట్టుకొని గంటలకొలది కూర్చుండుట బాలునకు ప్రియమైన వ్యాపకమాయెను. నీరు ఎట్లు పారును, ఎచట సుడి తిరుగును, ఎచట రాతిని ఒరయును అను పరిశీలనము ఆనాడే ఆరంభమైనదని చెప్పవచ్చును.

కాని తండ్రి కోరిక వేరు. ఆయన స్నేహితుడైన ఆర్మరర్ డాంకిన్ పేరుపొందిన సొలిసిటరు; సంతానము లేనివాడు. కుమారుని ఆయన వద్ద న్యాయవాదవృత్తిలో చేర్చెను. యువకుడు మారుపలుకక లండనులో చదివి వచ్చి, డాంకిన్ వ్యవహారములలో భాగస్వామి యయ్యెను. 1835లో మార్గరెట్ రామ్‌షా అను నామెను వివాహమాడెను. ఇట్లు పగలు దస్తావేజులు వ్రాయుచు, తీరిక దొరకినప్పుడు యంత్రములను గూర్చి ఆలోచించుచు, పదునొకండు పండ్రెండేండ్లు గడపెను. వ్యాజ్యములతో విసిగిన మనస్సునకు యంత్రములే విశ్రాంతి.

ఆ రోజులలోనే ఒకనాడు డెంట్‌డేల్ అను లోయలో డీ నది యందు చేపలు పట్టుచుండగా, ఆయన దృష్టి ఒక నీటిచక్రముపై పడెను. ఆ చక్రము సమీపమునందలి చలువరాతి పనివారి యంత్రములను త్రిప్పుచుండెను. కొండ మీదినుండి నీరు ఎంతో ఎత్తునుండి దిగుచున్నది. కాని చక్రము అందుకొనుచున్నది ఆ దిగుటలో చిన్న భాగమును మాత్రమే. తక్కిన బలమంతయు వృథా యగుచున్నది. ఆ నీటినంతయు గొట్టములో బంధించి, అడుగున ఒకేచోట పని చేయించినయెడల ఎంత బలము చిక్కును! ఈ ప్రశ్న ఆయనను మరి విడిచిపెట్టలేదు.

మేడ మీది తొట్టి నిండియున్నప్పుడు క్రింది అంతస్తునందలి కుళాయి త్రిప్పిన నీరు ఎంత వడిగా చిమ్మునో గృహిణులందరికిని తెలియును. తొట్టి ఎంత ఎత్తుననున్న వడి అంత హెచ్చు. ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టుకొన్న సూత్రము ఇంతకంటె వేరు కాదు. 1845లో న్యూకాసిల్ పట్టణమునకు దూరమునందలి చెరువులనుండి గొట్టములద్వారా మంచినీరు తెచ్చు పథకము వచ్చెను. ఆ పథకమున ఆయనకును భాగము కలదు. ఆ నీటి ఒత్తిడిలో మిగులుబాటును ఉపయోగించి రేవునందలి క్రేనును నడుపుదునని ఆయన ముందునకు వచ్చెను. 1846లో ఆ క్రేను పనిచేసినది. గొట్టములోని నీరు సిలిండరులో పిస్టనును త్రోయును. పిస్టను కప్పీలపైనున్న గొలుసును లాగును. గొలుసు చివరనున్న బరువు పైకి లేచును. మునుపు కూలీలు చెమటలోడ్చి చేసిన పనిని ఒక్క మనిషి మీట కదల్చి చేయగలిగెను. ఓడలనుండి సరకు దిగు వేగము హెచ్చెను.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1847లో, ఆయన న్యాయవాదవృత్తికి స్వస్తి చెప్పి, టైన్ ఒడ్డున ఎల్స్విక్ అనుచోట యంత్రముల కర్మాగారమును స్థాపించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారు సంవత్సరములు. స్థిరమైన రాబడిగల వృత్తిని ఆ వయస్సున విడుచుట సామాన్యమైన సాహసము కాదు. డాంకిన్ కోపగింపక, తానును మూలధనములో పాలుపంచుకొనెను.

క్రేనులకు ఒక లోపముండెను. నీటి ఒత్తిడి లేని ఊళ్లలో అవి పనిచేయవు; ఎత్తైన నీటిగోపురము కట్టవలసియుండును. దీనికి ఆర్మ్‌స్ట్రాంగ్ కనుగొన్న ఉపాయము తేలికయైనది. ఒక పెద్ద నిలువు సిలిండరు, అందులో పిస్టను, పిస్టనుపై రాళ్లును ఇనుప తునకలును నింపిన బ్రహ్మాండమైన పెట్టె. చిన్న ఆవిరియంత్రము తీరికగా నీటిని పంపి ఆ పెట్టెను పైకి లేపుచుండును. పని వచ్చినప్పుడు పెట్టె బరువు నీటిని నొక్కును, క్రేను లేచును. గోపురముతో పనిలేకయే గోపురమునకు మించిన ఒత్తిడి లభించెను. పైసలు కూడబెట్టి పెండ్లినాడు ఖర్చుపెట్టినట్లు, ఈ యంత్రము బలమును కొంచెము కొంచెముగా దాచి ఒక్కసారిగా ఇచ్చును. దీనితో రేవులు, రైలుస్టేషనులు, గనులు, లాకుల తలుపులు ఎల్స్విక్ యంత్రములను కొనసాగెను. లండనునందలి టవర్ బ్రిడ్జి 1894లో ప్రారంభమైనప్పుడు దాని రెక్కలను లేపినదియు ఎల్స్విక్ కంపెనీ నీటియంత్రములే.

ఇంతవరకు కథ శుభప్రదముగా సాగినది. 1854లో అది మలుపు తిరిగెను. క్రిమియాలో ఆంగ్లేయులును ఫ్రెంచివారును రష్యావారితో యుద్ధము చేయుచుండిరి. నవంబరు 5వ తేదీన ఇంకర్మన్ వద్ద జరిగిన పోరులో బరువైన ఫిరంగులను తగినచోటికి ఈడ్చుటకు సైనికులు పడిన పాట్లు వార్తాపత్రికలకెక్కెను. ఫిరంగి తేలికగా ఉండి, దూరముగా, గురి తప్పక కాల్చునట్లు చేయరాదా యని ఆర్మ్‌స్ట్రాంగ్ ఆలోచించెను. ఇనుపకడ్డీలను కాల్చి చుట్టలుగా చుట్టి గొట్టము చేసెను. గొట్టములోపల మెలిక గాళ్లు కోసెను. గుండును మూతినుండి కాక వెనుకనుండి దూర్చు ఏర్పాటు చేసెను. 1855లో మొదటి ఫిరంగి తయారయ్యెను. పరీక్షలలో అది పాతవానిని మించిపోయెను.

1859లో ఆయన ఆ ఫిరంగి పేటెంటు హక్కులను వెల పుచ్చుకొనక ప్రభుత్వమునకు అప్పగించెను. రాణి ఆయనకు సర్ బిరుదమిచ్చెను. ప్రభుత్వము ఆయనను ఫిరంగుల ఇంజనీరుగా నియమించి, ఎల్స్విక్‌లోనే తయారు చేయించుకొనెను. ఆ ఫిరంగులు 1860లో చైనామీది దండయాత్రలో ప్రేలినవి. ఎవరి కోటలు కూలెనో, ఎవరి బిడ్డలు మరణించిరో ఎల్స్విక్ లెక్కలలో కానరాదు. కొలది ఏండ్లకే సైన్యాధికారులలో అభిప్రాయభేదములు పొడమి, ప్రభుత్వము పాతరకపు ఫిరంగులవైపు మొగ్గెను. 1863లో ఆర్మ్‌స్ట్రాంగ్ పదవికి రాజీనామా ఇచ్చెను. స్వదేశము కొనుట మానిన పిమ్మట కంపెనీ పరదేశములకు అమ్మజొచ్చెను. అమెరికాలో అంతర్యుద్ధము సాగుచుండగా ఇరుపక్షములకును ఈ ఫిరంగులు చేరినవి. పేటెంటును ఉచితముగా ఇచ్చినప్పుడు దేశభక్తి అని మెచ్చినవారు ఇప్పుడేమనవలెనో శ్రోతలే ఊహింపవచ్చును.

ఆ 1863వ సంవత్సరముననే ఆయన చాలకాలము తరువాత రాత్‌బరీకి విశ్రాంతికై వెళ్లెను. పదునైదేండ్లుగా విరామమెరుగని మనిషి. చిన్ననాటి కోకెట్ నది, డెబ్డన్ వాగు, రాతిగుట్టలు మరల కంటబడినవి. వాగు లోయలో కొంత భూమి కొనెను. అచట వారాంతమున వచ్చి ఉండుటకు చిన్న విడిది కట్టించెను. క్రాగ్ అనగా కొండరాయి. క్రాగ్‌సైడ్ అనగా కొండరాతి ప్రక్క. పేరునకు తగినట్లే ఆ ఇల్లు కొండవాలును చెక్కి, రాతికి ఆనించి నిలిపినది.

విడిది సౌధముగా పెరిగినది 1869 తరువాత. ఆ యేట రిచర్డ్ నార్మన్ షా అను వాస్తుశిల్పి అతిథిగా వచ్చెను. తక్కిన అతిథులు వేటకు వెళ్లి తిరిగి వచ్చులోపలనే, ఒక్క మధ్యాహ్నములో, ఆయన సౌధపు భావిరూపమును కాగితముపై గీసినట్లు చెప్పుదురు. గీయుట ఒక పూట, కట్టుట పదునైదేండ్లు. పని మీద పని, గది మీద గది చేరుచు వచ్చెను. ఎత్తైన కప్పులు, పొడవైన పొగగూళ్లు, కొయ్యదూలములు కనబడు గోడలు, గోపురములు—దూరమునుండి చూచిన కొండయే ఇల్లైనట్లు తోచును. కొండవాలుపై కట్టుటచే లోపలి గదులు ఒకే మట్టమున లేవు; మెట్లెక్కి దిగుచు పోవలెను. భోజనశాలలో పొయ్యి చుట్టు రాతిపై, తూర్పైనను పడమరైనను సొంత ఇల్లే మేలు అను భావముగల సామెతను చెక్కించిరి. ఆ దంపతులకు సంతానము లేదని తెలిసినవారికి ఆ అక్షరములు మరియొక విధముగా కూడ వినబడును.

మా శ్రోతలలో గృహిణులకు ఆ ఇంటి వంటయిల్లు మిక్కిలి వింతగొల్పును. మాంసము కాల్చు చువ్వను నీటియంత్రము త్రిప్పును. క్రింది అంతస్తునుండి పైకి బరువులను నీటితో నడచు లిఫ్టు మోసికొనిపోవును; పనివారు బొగ్గుబుట్టలు నెత్తిన పెట్టుకొని మెట్లెక్కు బాధ తగ్గెను. వేడి ఆవిరితో స్నానము చేయు గదులు కలవు. ఒక గదినుండి మరొక గదికి మాటలాడుటకు టెలిఫోను అమర్చిరి. తోటలో అద్దపు ఇండ్లలో పండ్లచెట్ల కుండీలు సైతము నీటిబలముచే తిరుగుచుండెడివి. ఎండ అన్ని ప్రక్కలను సమముగా తగిలి పండ్లు ఒకే తీరున పండవలెనని ఆ ఏర్పాటు.

ఈ నీరంతయు ఎచటనుండి వచ్చినది? అచట సహజమైన చెరువులు లేవు. వాగులకు అడ్డుకట్టలు వేసి ఐదు చెరువులను ఆయన సృష్టించెను. ఒకప్పుడు బోడిగానున్న కొండపై డెబ్బది లక్షలకు మించి చెట్లును పొదలును నాటించెను. మైళ్లకొలది బండ్లబాటలు వేయించెను. వాగుపై వంతెన కట్టించెను. వ్యవసాయము తెలిసిన మనవారికి ఇంత చెట్టు నాటించుట ఎంత పనియో వేరుగా చెప్పనక్కరలేదు. నేడు అచటికి వెళ్లువారు అడవిని చూచి ప్రకృతి సౌందర్యమని మెచ్చుకొందురు. అది మనుష్యులు గునపములు పట్టి చేసిన ప్రకృతి.

ఇక దీపముల మాట. 1878లో డెబ్డన్ చెరువు వద్ద నీటి టర్బైనుకు డైనమో తగిలించి, తీగలద్వారా విద్యుత్తును ఇంటికి తెప్పించి, చిత్రశాలలో ఆర్కు దీపము వెలిగించిరి. రెండు బొగ్గుకడ్డీల నడుమ విద్యుత్తు దుముకుటచే ఆ వెలుగు పుట్టును. కాని అది కండ్లు మిరుమిట్లు గొలుపును, చిటపటలాడును; ఇంటిలో నలుగురు కూర్చుండి చదువుకొనుటకు పనికిరాదు. న్యూకాసిల్ ప్రాంతముననే జోసెఫ్ స్వాన్ అను రసాయనశాస్త్రవేత్త గాలి తీసివేసిన గాజుబుడ్డిలో సన్నని బొగ్గుతీగను కాల్చి మెత్తని వెలుగును సాధించుటకు ఏండ్ల తరబడి శ్రమించుచుండెను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయనకు మిత్రుడు. 1880లో స్వాన్ బల్బులు క్రాగ్‌సైడ్ చేరినవి.

గ్రంథాలయమునందలి దీపముల అమరిక చూడముచ్చటైనది. రాగిపై మీనాపని చేసిన కలశములపై బల్బులను నిలిపిరి. కలశపు రాగియే విద్యుత్తుకు ఒక త్రోవ. దాని అడుగున పాదరసముతో నింపిన గిన్నె. కలశమును గిన్నెలో నిలిపిన దీపము వెలుగును, పైకెత్తిన ఆరిపోవును. గోడమీది మీట ఇంకను పుట్టని రోజులవి. దీపమార్పుటకు కలశమునే ఎత్తవలసియుండెను! ఆ వెలుగునకు పొగ లేదు, వాసన లేదు, గాలి వీచిన రెపరెపలాడదు. టర్బైనుకును ఇంటికిని నడుమ దూరము సుమారు 1,500 గజములు. ఈ ఏర్పాటును వర్ణించుచు ఆర్మ్‌స్ట్రాంగ్ 1881లో ఒక ఇంజనీరింగు పత్రికకు లేఖ వ్రాసెను. వాగు తన పని తాను చేసుకొనిపోవుచు, బొగ్గు కాల్చకయే ఇంటికి వెలుగిచ్చుట ఆయనకు ఎంతో తృప్తి గూర్చినది. దీపముల సంఖ్య పెరుగగా 1886లో బర్న్‌ఫుట్ అనుచోట మరింత పెద్ద విద్యుత్కేంద్రమును నెలకొల్పిరి.

కాని ఆ వెలుగులో కూర్చుండినవారెవరు? 1884 ఆగస్టులో వేల్సు యువరాజును యువరాణియు పిల్లలతో వచ్చి క్రాగ్‌సైడున బసచేసిరి. కొండంతయు దీపములతో తోరణము కట్టినట్లుండెను. ఆధునిక మాంత్రికుని భవనమని చూచినవారు వర్ణించిరి. 1889లో పారశీకదేశపు షా, 1896లో చైనా మంత్రి లీ హుంగ్ చాంగ్, 1897లో సయాము రాజు చులాలాంగ్‌కార్న్ వచ్చిరి. అందరును దీపములను చూచి పోవుటకే రాలేదు. ఆనాటికి ఎల్స్విక్‌లో ఫిరంగులతో పాటు యుద్ధనౌకలును తయారగుచుండెను. చైనా, జపాను, చిలీ మొదలైన దేశములకు అవి అమ్ముడుపోయినవి. 1905లో త్సుషిమా జలసంధి వద్ద రష్యా నౌకాదళమును ఓడించిన జపాను నౌకలలో కొన్ని ఎల్స్విక్‌లో పుట్టినవే. అతిథికి మర్యాదయు, కొనుగోలుదారునకు మర్యాదయు క్రాగ్‌సైడ్ భోజనశాలలో ఒకే బల్లపై జరిగినవి.

నీరును ఫిరంగియు ఈ మనిషి జీవితమున ఎట్లు పెనవేసికొనెనో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. న్యూకాసిల్ వద్ద టైన్ నదిపై పాత రాతివంతెన యొకటి తక్కువ ఎత్తున ఉండి, పెద్ద ఓడలు ఎల్స్విక్ వరకు పోవుటకు అడ్డమై యుండెను. దాని స్థానమున ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ ఒక తిరుగు వంతెనను నిర్మించెను. నీటియంత్రము ఆ వంతెనను ఇరుసుపై త్రిప్పును. ఓడకు దారి ఇచ్చి, మరల యథాస్థానమునకు వచ్చి బండ్లకు దారి ఇచ్చును. ఎంత ఉపకారమైన కట్టడము! 1876 జూలైలో ఆ వంతెన మొదటిసారి ఓడకై తిరిగెను. దానిగుండ పోయిన ఓడ ఇటలీ దేశపు యూరోపా. అది ఎల్స్విక్‌కు వెళ్లినది నూరు టన్నుల ఫిరంగిని ఎక్కించుకొనుటకు.

తన వృత్తిని గూర్చి ఆయనకు సందేహము లేకపోలేదా యని కొందరడుగుదురు. తాను చేసిన పనివలన యుద్ధము పెచ్చుపెరుగునని కాని, మానవజాతికి కీడు మూడునని కాని తోచినయెడల తాను మిక్కిలి విచారింతుననియు, అట్టి భయము తనకు లేదనియు ఆయన చెప్పియుండెను. ఆయుధము ఎంత భయంకరమైన యుద్ధమునకు అంత వెనుదీయుదురను నమ్మిక ఆ కాలమున పలువురకు ఉండెను. తరువాతి శతాబ్దమున ఏమి జరిగెనో మనమెరుగుదుము. 1914లో మొదలైన మహాయుద్ధమును ఆయన చూడలేదు.

కర్మాగారములో పనివారి సంగతి కూడ చెప్పవలెను. 1871లో న్యూకాసిల్, గేట్స్‌హెడ్ పట్టణముల యంత్రశాలల కార్మికులు దినమునకు తొమ్మిది గంటల పని మాత్రమే యుండవలెనని సమ్మె కట్టిరి. వారికి నాయకుడు జాన్ బర్నెట్ అను కార్మికుడు. యజమానులకు ముఖ్యుడు ఆర్మ్‌స్ట్రాంగ్. యజమానులు విదేశములనుండి పనివారిని తెప్పించి యంత్రములు నడుపజూచిరి. వచ్చినవారిలో పలువురు సంగతి తెలిసి మరలిపోయిరి. పత్రికలలో సైతము కార్మికులపట్ల సానుభూతి వ్యక్తమాయెను. మే నెలలో మొదలైన సమ్మె అక్టోబరులో కార్మికుల జయముతో ముగిసెను. తొమ్మిది గంటల దినము స్థిరపడెను. ఆ నెలలలోనే క్రాగ్‌సైడున నార్మన్ షా గీసిన గదులు లేచుచుండెనని జ్ఞాపకముంచుకొనవలెను. నీటి బలము ఎంత వృథాయగుచున్నదో ఒక్క చూపులో కనిపెట్టగలిగిన మేధావికి, పదిగంటలు నిలుచున్న మనిషి అలసట వెంటనే కానరాలేదు.

అయినను ఆయన లోభి కాడు. కార్మికుల పిల్లలకు బడి పెట్టించెను. న్యూకాసిల్‌లో తాను పెంచిన జెస్మండ్ డీన్ అను అందమైన లోయ ఉద్యానమును పట్టణ ప్రజలకు 1883లో దానము చేసెను. ప్రకృతిశాస్త్ర మ్యూజియమునకును, ఆస్పత్రులకును, 1871లో వెలసిన శాస్త్రకళాశాలకును తోడ్పడెను. ఆ కళాశాల పిమ్మట కొంతకాలము ఆయన పేరుతోనే వెలసి, 1963లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయమాయెను. 1887లో ప్రభువుల సభలో స్థానము లభించినప్పుడు, ఇంజనీర్లలో ఆ గౌరవము పొందినవారిలో ఆయనయే ప్రథముడు.

ఆయన చూపు ఎంత దూరము పోయెనో తెలుపు మాట యొకటి కలదు. 1863లో న్యూకాసిల్‌లో జరిగిన బ్రిటిష్ శాస్త్రసంఘ సభకు అధ్యక్షుడై, బొగ్గును దుబారా చేయుచున్నారనియు, రెండు శతాబ్దములలో బ్రిటన్‌లో బొగ్గు తీయుట నిలిచిపోవుననియు హెచ్చరించెను. బొగ్గుపై బ్రతుకు పట్టణమున, బొగ్గుతో నడచు కర్మాగారపు యజమాని ఇట్లు పలుకుట వింతయే. నీటిబలముతో పాటు సూర్యరశ్మిని కూడ ఆయన గణించెను. ఉష్ణమండలమున ఒక్క ఎకరము నేలపై పడు ఎండలో దినమునకు ఇంచుమించు తొమ్మిది గంటలసేపు నాలుగువేల గుర్రముల బలము కలదని లెక్కకట్టెను. ఎండను తిట్టుకొనుటయే కాని లెక్కించుట ఎరుగని ఉష్ణదేశస్థులమైన మనకు ఆ మాట ఆనాడు చేరలేదు. నేడు మన మేడలమీద సూర్యఫలకములు వెలసినప్పుడు, ఆ లెక్క ఎంత పాతదో తెలిసికొనుట ఉచితము.

1893లో భార్య మరణించెను. 1900 డిసెంబరు 27వ తేదీన, తొంబదియవ యేట, ఆర్మ్‌స్ట్రాంగ్ క్రాగ్‌సైడులోనే కన్నుమూసెను. రాత్‌బరీలో భార్య ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి. ఆస్తి సోదరి మనుమడైన విలియం వాట్సన్‌కు సంక్రమించెను. ధనము గడించు నేర్పు రక్తముతో సంక్రమింపదు కదా! చెడు పెట్టుబడులవలన నష్టము వాటిల్లి, ఆర్మ్‌స్ట్రాంగ్ సేకరించిన మేలైన చిత్రములను 1910లో అమ్మివేయవలసివచ్చెను. కంపెనీ సైతము 1927లో వికర్స్ సంస్థతో కలిసిపోయెను. కుటుంబమువారు సౌధమును నిలుపుకొని వచ్చిరి గాని, 1977లో అది ప్రాచీన కట్టడములను కాపాడు నేషనల్ ట్రస్టు అను సంస్థ వశమాయెను. 1979 నుండి ప్రజలు దానిని దర్శించుచున్నారు. 2014లో ఆ సంస్థవారు చెరువు వద్ద ఆర్కిమెడీస్ మరచుట్టు వంటి కొత్త టర్బైనును నెలకొల్పి, మరల వాగునీటితోనే ఇంటి దీపములకు విద్యుత్తు పుట్టింపసాగిరి.

టైన్ ఒడ్డున ఫిరంగులు పోతపోసిన ఎల్స్విక్ కర్మాగారపు శాలలు నేడు లేవు. తిరుగు వంతెన, చెట్లు, చెరువులు, సౌధము మిగిలియున్నవి. కాలము మేలును నిలిపి కీడును తుడిచివేసినదని సంతోషింతమా? అట్లనుకొనుట తొందరపాటు. కర్మాగారము తుడిచిపెట్టుకొనిపోయినను, చైనా తీరమున కూలిన కోటలకు అదియే సాక్షి. క్రాగ్‌సైడ్ గదులను కట్టిన రూకలపై ఆ గుర్తు కలదు. సౌధమును చూపువారు సైతము ఈ సంగతిని దాచరు.

గొప్పవారి ఇండ్లను చూడబోవునప్పుడు మనకు రెండు అలవాట్లు కలవు. ఒకటి, నగిషీలను చూచి నోరు తెరచుట. రెండవది, ధనమెట్లు వచ్చినదో విని ముఖము త్రిప్పుకొనుట. రెండును సులభములే. కలశమునెత్తిన ఆరిపోవు ఆ దీపమును చూచి ఆశ్చర్యపడుచు, దాని వెలుగులో కూర్చుండి ఫిరంగులకు బేరమాడినవారిని కూడ తలచుకొనుట కష్టము. కాని విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అను మనిషి ఒక్కడే. డీ నదిలో గాలము వేసి నీటిచక్రమును చూచినదియు, ఇంకర్మన్ వార్త చదివి ఫిరంగి గీసినదియు ఆయనయే. నీటిని వృథా పోనీయరాదని మనకు నేర్పినవారిలో ఆయన యొకడు. ఆ పాఠమును కృతజ్ఞతతో స్వీకరింతము. బుద్ధిబలమును ఏ పనికి వినియోగింపవలెనను పాఠము మాత్రము ఆయన జీవితమునుండి మనమే వెదకి తీసికొనవలసియున్నది.